చిన్న పిల్లల ఒంటిపై ముత్యాల్లాంటి బుడిపెలు: మొలస్కమ్ తగ్గేదాకా ఏం చేయాలి, ఏం చేయకూడదు

నాలుగేళ్ల పాపకు స్నానం చేయిస్తున్నప్పుడు చంక కింద రెండు చిన్న బుడిపెలు తల్లి చేతికి తగులుతాయి. చెమటకాయలేమోనని ఆమె పట్టించుకోదు. మూడు వారాల తర్వాత చూస్తే అవి ఏడవుతాయి, చంకకు ఎదురుగా చేతి లోపలి వైపున కూడా మరో మూడు కనిపిస్తాయి. పాపకు జ్వరం లేదు, నొప్పి లేదు, అన్నం మామూలుగానే తింటోంది. బుడిపెలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. ఈ దశలో చాలా ఇళ్లలో ఎవరో ఒకరు వాటిని గిల్లి చూస్తారు, లోపలి నుంచి తెల్లటి గింజలాంటిది బయటికి వస్తుంది, కథ అక్కడి నుంచి పెద్దదవుతుంది.

ఈ సమస్య పేరు మొలస్కమ్ కంటేజియోజమ్. ఇది పాక్స్ జాతి వైరస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. మశూచి వైరస్ కూడా ఆ జాతిదే కావడంతో పేరు వినగానే తల్లిదండ్రులు హడలిపోతారు కానీ, రెండింటికీ పోలిక అంతవరకే. మొలస్కమ్ వైరస్ చర్మంలోని పైపొరను దాటి లోపలికి వెళ్లదు, రక్తంలో తిరగదు, అవయవాలను ముట్టుకోదు. ఆటలమ్మ వైరస్ నరాల్లో దాక్కుని ఏళ్ల తర్వాత సర్పిగా బయటపడినట్లు ఇది ఒంట్లో దాక్కోదు కూడా. చివరి బుడిపె పోతే వ్యాధి పోయినట్లే. ఇది ప్రధానంగా ఏడాది నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తుంది. అది తనంతట తాను తగ్గేదాకా చర్మాన్ని కాపాడటం, ఇతరులకు అంటకుండా చూడటం, పిల్లను భయపెట్టకుండా ఉండటం, పెద్దల పని దాదాపుగా ఈ మూడే. వినడానికి తేలిక, నెలల తరబడి చేయడం కష్టం. అందుకే ఒక్కో అడుగూ వివరంగా రాస్తున్నాను.

మొదటి అడుగు: సరిగ్గా చూడటం

పగటి వెలుతురులో పిల్లను కిటికీ పక్కన నిలబెట్టి, బుడిపెను ఎదురుగా కాకుండా పక్క నుంచి చూడండి. మొలస్కమ్ బుడిపె సాధారణంగా 2 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గుండ్రంగా, నున్నగా, కాస్త గట్టిగా, చర్మం రంగులో గానీ లేత తెలుపు లేదా లేత గులాబీ రంగులో గానీ ముత్యంలా మెరుస్తూ ఉంటుంది. దాని నడినెత్తిన సూదిమొన ఆనించినట్లు చిన్న గుంట ఉంటుంది. ఈ గుంటే అసలైన గుర్తు. అయితే కొత్తగా లేచిన చిన్న బుడిపెల్లో గుంట ఇంకా ఏర్పడి ఉండదు కాబట్టి, గుంపులో అన్నిటికంటే పెద్దదాన్ని చూడాలి. చంకలు, ఛాతీ పక్కభాగాలు, మోకాలి వెనుక మడత, మోచేతి మడత, గజ్జలు, ముఖం దీనికి ఇష్టమైన చోట్లు. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ సాధారణంగా రాదు. గోటితో గీరుకున్న గీత వెంబడి నాలుగైదు బుడిపెలు పూసల్లా వరుసగా లేచి ఉంటే, పిల్ల గోకుతున్నదని ఆ వరుసే చెబుతుంది.

పోలికలున్న ఇతర సమస్యలను కూడా మనసులో పెట్టుకోవాలి. ఆటలమ్మలో జ్వరం వస్తుంది, నీటి పొక్కులు కొద్ది రోజుల్లోనే చెక్కు కడతాయి. పులిపిరి పైభాగం గరుకుగా ఉంటుంది, దానిలో నల్లటి చుక్కలు కనిపించవచ్చు. సెగ్గడ్డ ముట్టుకుంటే వేడిగా ఉండి నొప్పి పెడుతుంది. గజ్జిలో రాత్రివేళ విపరీతమైన దురద ఉంటుంది, వేళ్ల సందుల్లో మొదలై ఇంట్లో నలుగురికీ పాకుతుంది. చెమటకాయలు చల్లదనం తగిలితే కొద్ది రోజుల్లో అణిగిపోతాయి. మొలస్కమ్ వీటిలో దేనిలాగానూ తొందరపడదు, వారాల తరబడి మెల్లగా పెరుగుతుంది.

రెండో అడుగు: ఒక్కసారి వైద్యులకు చూపించడం

ఇంట్లో ఎంత జాగ్రత్తగా పోల్చుకున్నా, ఒక్కసారి పిల్లల వైద్యులకో చర్మవైద్యులకో చూపించి నిర్ధారించుకోవాలి. చాలామందికి కంటితో చూడగానే తెలిసిపోతుంది. అనుమానముంటే చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోప్‌తో పరిశీలిస్తారు. దీనికి రక్తపరీక్షలు అవసరం లేదు.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. కనురెప్ప మీద గానీ రెప్ప అంచున గానీ బుడిపె ఉంటే, దాని నుంచి రాలే వైరస్ కంట్లో పడి కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, అప్పుడు కంటి వైద్యులు చూడాలి. పుట్టుకతో రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్న పిల్లలకు, కాన్సర్ చికిత్స లేదా నిరోధక శక్తిని అణిచే మందులు తీసుకుంటున్న పిల్లలకు బుడిపెలు పెద్దవిగా, లెక్కకు మిక్కిలిగా రావచ్చు. వారి విషయంలో వేచి చూడటం అనే సలహా వర్తించదు. జననాంగాల దగ్గర బుడిపెలు కనిపిస్తే తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది. చిన్న పిల్లల్లో ఎక్కువగా అవి తొడల మీదో పొట్ట మీదో ఉన్నవి సొంత చేతులతో అక్కడికి పాకినవే. అయినా ఆ విషయాన్ని దాచకుండా వైద్యులకు చెప్పండి, పిల్ల భద్రత గురించి మనసులో మరే సందేహమున్నా అదే మాటలో అదీ చెప్పండి.

మూడో అడుగు: చికిత్సా, నిరీక్షణా అన్నది తేల్చుకోవడం

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో మొలస్కమ్ ఎక్కువగా 6 నుంచి 12 నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. కొందరికి 18 నెలలు, అరుదుగా మూడు నాలుగేళ్లు కూడా పడుతుంది. ఒక్కో బుడిపె ఆయుష్షు సుమారు రెండు నెలలే అయినా, పాతవి పోతుండగా కొత్తవి వస్తుంటాయి కాబట్టి మొత్తం వ్యవహారం సాగుతుంది. వైద్యులు "ఏమీ చేయనవసరం లేదు" అంటే, వారు నిర్లక్ష్యం చేస్తున్నారని చాలామంది తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. నిజానికి ఆ మాట వెనుక గట్టి కారణమే ఉంది. వైద్యపరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2017లో ఈ వ్యాధి చికిత్సలను సమీక్షించి, వాటిలో ఏ ఒక్కటీ నమ్మకంగా పని చేస్తుందని చెప్పేంత ఆధారం లేదని తేల్చింది. తనంతట తాను, మచ్చ లేకుండా పోయే దాన్ని నొప్పి పెట్టి, మచ్చ మిగిల్చి తీయడం ఎందుకన్నది వైద్యుల ఆలోచన.

నా అభిప్రాయం కూడా అదే. బుడిపెలు కొద్దిగా ఉండి, దురద పెట్టకుండా, పిల్ల వాటిని పట్టించుకోకుండా ఉంటే నిరీక్షణే మంచిది. అవి వేగంగా పాకుతున్నా, దురదతో నిద్ర చెడుతున్నా, పదే పదే చీము పడుతున్నా, ముఖం మీద ఉండి పిల్ల నలుగురిలోకి వెళ్లడానికి వెనకాడుతున్నా చికిత్స గురించి అడగడంలో తప్పు లేదు. చికిత్స చేయించినా, వేచి చూసినా తర్వాతి జాగ్రత్తలు ఒకటే.

నాలుగో అడుగు: గిల్లకపోవడం, గిల్లనివ్వకపోవడం

బుడిపెను నొక్కితే బయటికి వచ్చే ఆ తెల్లటి గింజ చీము కాదు. వైరస్‌తో ఉబ్బిపోయిన చర్మకణాల ముద్ద అది. 1841లో హెండర్సన్, ప్యాటర్సన్ అనే ఇద్దరు వైద్యులు సూక్ష్మదర్శిని కింద వర్ణించిన ఆ కణాలను ఇప్పటికీ వారి పేరుతోనే పిలుస్తారు. ఆ గింజ వేలికి అంటిందంటే వైరస్ వేలికి అంటినట్లే, ఆ వేలు తర్వాత ఎక్కడ గోకితే అక్కడ కొత్త బుడిపెకు విత్తనం పడినట్లే. పైగా గిల్లిన చోట బ్యాక్టీరియా చేరి పుండు పడుతుంది, తర్వాత చిన్న గుంటలాంటి మచ్చ ఉండిపోతుంది. బుడిపెలు వాటంతట అవి పోయినప్పుడు ఇలాంటి మచ్చలు మిగలడం అరుదు.

పిల్లలు ఎక్కువగా గోకేది నిద్రలో, టీవీ ముందు. చేయి దానంతట అదే చంకలోకి పోతుంది, ఆ సంగతి పిల్లకే తెలియదు. కాబట్టి తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. గోళ్లు రెండు మూడు రోజులకోసారి పొట్టిగా కత్తిరించి అంచులు నున్నగా అరగదీయండి. మెత్తని నూలు బట్టలు, బుడిపెలను కప్పేలా పొడవైన చేతులవి, వేయండి. చేతులు తరచుగా సబ్బుతో కడిగే అలవాటు చేయండి, ముఖ్యంగా బుడిపెలను తాకిన ప్రతిసారీ. దురద ఎక్కువగా ఉంటే చల్లటి నీటిలో తడిపిన మెత్తని గుడ్డను కొద్ది నిమిషాలు ఆనించి, ఆ గుడ్డను వెంటనే ఉతికేయండి.

బట్టల కింద దాగి ఉన్న బుడిపెలకు కట్టు అవసరం లేదు. ఆటల్లో ఇతర పిల్లలకు తగిలే చోట, అంటే ముంజేతుల మీద, కాళ్ల మీద ఉన్నవాటిని గాలి ఆడే బ్యాండేజీతో కప్పి, దాన్ని రోజూ మార్చాలి. రాత్రి వేరుగా పడుకునే పిల్ల, నిద్రలో గోకనిదైతే, కట్టు తీసేసి చర్మానికి గాలి తగలనివ్వవచ్చు. నిద్రలో గోకే పిల్లకు మాత్రం ఉంచేయండి.

ఐదో అడుగు: స్నానం, తువ్వాలు, పడక

ఈ వైరస్ ఒకరి చర్మం మరొకరికి తగలడం వల్ల, వైరస్ అంటిన వస్తువుల వల్ల పాకుతుంది. ఇంట్లో దీనికి పెద్ద వాహనం తువ్వాలు. తడి తువ్వాలుతో ఒళ్లు గట్టిగా రుద్దినప్పుడు బుడిపెల నుంచి రాలిన వైరస్ దానికి అంటుకుని, అదే తువ్వాలుతో తుడుచుకున్న తమ్ముడి ఒంటికి చేరుతుంది. అందుకే పిల్లకు వేరే రంగు తువ్వాలు కేటాయించండి. రంగు వేరైతే మూడేళ్ల పిల్లలు కూడా "ఇది నాది కాదు" అని పోల్చుకుంటారు. ఒళ్లు రుద్దకుండా అద్దుతూ తుడవండి, బుడిపెలు లేని భాగాలు ముందు, ఉన్న భాగాలు చివర.

అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒకే తొట్టిలో కలిపి స్నానం చేయించవద్దు. స్పాంజి, పీచు వంటివి పూర్తిగా మానేసి చేత్తోనే సబ్బు రాయండి, తర్వాత మీ చేతులు కడుక్కోండి. స్నానపు నీటిలో ఆడుకునే బొమ్మలను కడిగి ఆరబెట్టండి. తువ్వాళ్లను, లోదుస్తులను, దుప్పట్లను తరచుగా ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఇల్లంతా మందునీళ్లతో కడగనవసరం లేదు, పిల్లను వేరే గదిలో పెట్టనవసరం అంతకంటే లేదు. ఎత్తుకోవచ్చు, ముద్దు చేయవచ్చు. ఇంట్లో పెద్దవారికి ఈ పిల్లల నుంచి అంటే అవకాశం తక్కువే అయినా అసలు అంటదని చెప్పలేం, కాబట్టి తువ్వాలు నియమం వారికీ వర్తిస్తుంది.

ఆరో అడుగు: బడి, ఆటస్థలం, ఈతకొలను

మొలస్కమ్ ఉన్నంత మాత్రాన పిల్లను బడి మాన్పించనవసరం లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ కూడా ఇదే చెబుతోంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉండే సమస్యకు బడి మాన్పిస్తే పిల్లకు జరిగే నష్టం బుడిపెల వల్ల జరిగే నష్టం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉపాధ్యాయులకు మాత్రం ముందే చెప్పాలి. "ఇది మొలస్కమ్ అనే చర్మ సమస్య, ప్రమాదం లేదు, కనిపించే బుడిపెలకు కట్టు వేసి పంపుతున్నాం, కట్టు ఊడితే దయచేసి మరొకటి వేయండి" అని రెండు వాక్యాల్లో రాసి, నాలుగు బ్యాండేజీలు జత చేసి పంపితే ఎవరికీ అనుమానాలు మిగలవు.

ఈత విషయంలో నీటి కంటే నీటి పక్కన ఉండే వస్తువులే ఎక్కువ అనుమానించదగినవి: పంచుకునే తువ్వాళ్లు, తేలడానికి పట్టుకునే పలకలు, బొమ్మలు. బుడిపెలన్నిటినీ నీరు చొరని బ్యాండేజీతో కప్పి, సొంత పలక, సొంత తువ్వాలు ఇచ్చి పంపవచ్చు. అన్నిటినీ కప్పలేనంతగా ఉంటే కొన్నాళ్లు ఈత ఆపడం న్యాయం. ఒంటికి ఒళ్లు తగిలే కుస్తీ వంటి ఆటలకూ ఇదే లెక్క.

ఏడో అడుగు: చర్మాన్ని తేమగా ఉంచడం

పొడిబారి పగిలిన చర్మంలోకి వైరస్ తేలికగా చొరబడుతుంది. ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి దురద పెట్టే సమస్య, ఉన్న పిల్లలకు మొలస్కమ్ ఎక్కువగా పాకేది అందుకే: చర్మం కంచె ముందే బలహీనంగా ఉంటుంది, దానికి తోడు దురద. ఎగ్జిమా లేని పిల్లల్లో కూడా బుడిపెల చుట్టూ ఎర్రటి పొడి దద్దు లేచి దురద పెట్టవచ్చు. గోరువెచ్చని నీటితో తక్కువ సేపు స్నానం చేయించి, ఒళ్లు అద్దిన కొద్ది నిమిషాల్లోనే, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, సువాసనలు లేని మాయిశ్చరైజర్ రాయండి. డబ్బాలోంచి వేలితో కాకుండా శుభ్రమైన చెంచాతో తీసుకోండి.

వైద్యులు ఎగ్జిమాకు తక్కువ మోతాదు స్టెరాయిడ్ పూతమందు రాస్తే దాన్ని చూసి భయపడవద్దు. చెప్పినన్నాళ్లు, చెప్పిన చోట వాడితే దురద తగ్గి గోకడం తగ్గుతుంది, గోకడం తగ్గితే వ్యాప్తి తగ్గుతుంది. ఆ మందు బుడిపెలను మాయం చేయదు కాబట్టి, అవి పోలేదని నెలల తరబడి రాస్తూ పోవడం మాత్రం తప్పు.

ఎనిమిదో అడుగు: ఎరుపును అర్థం చేసుకోవడం

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నెలల తరబడి నిశ్శబ్దంగా ఉన్న బుడిపెలు ఒక్కసారిగా ఎర్రబడతాయి, ఉబ్బుతాయి, కొన్నిటి మీద చీముగడ్డలా తెల్లటి మొన కూడా కనిపిస్తుంది. వ్యాధి ముదిరిందని కంగారుపడి యాంటీబయాటిక్ కోసం పరుగెత్తుతారు. చాలాసార్లు అది శుభసూచన. అన్నాళ్లూ పైపొరలో వైరస్ ఉన్న సంగతే పట్టని శరీరం ఇప్పుడు దాన్ని గుర్తుపట్టి ఎదురుదాడికి దిగింది, ఆ దాడి బయటికి కనిపించే రూపమే ఎరుపు. తర్వాతి కొద్ది వారాల్లో ఆ బుడిపెలు చెక్కు కట్టి రాలిపోవడం, వాటి వెంట మిగతావి కూడా తగ్గడం చూస్తాం. కాబట్టి పిల్ల హుషారుగా ఆడుకుంటూ, జ్వరం లేకుండా, ఎరుపు బుడిపె చుట్టూ మాత్రమే ఉంటే తాకకుండా వదిలేయండి.

నిజమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ తీరు వేరు. ఎరుపు గంటగంటకూ చుట్టుపక్కల చర్మంలోకి పాకుతుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది, చీము కారుతుంది లేదా తేనెరంగు చెక్కు కడుతుంది, జ్వరం రావచ్చు, పిల్ల నీరసిస్తుంది. తేడా తెలుసుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది. ఎరుపు అంచు వెంబడి పెన్నుతో సన్నని గీత గీసి, సమయం రాసుకోండి. కొన్ని గంటల తర్వాత ఎరుపు ఆ గీత దాటితే అదే రోజు వైద్యుల దగ్గరికి వెళ్లాలి. జ్వరం, నీరసం ఉంటే గీత కోసం కూడా ఆగవద్దు.

తొమ్మిదో అడుగు: చికిత్స ఎంచుకుంటే

చికిత్సల్లో ఎక్కువ భాగం వైద్యుల చేతులమీదుగా జరగాల్సినవే. క్యురెటాజ్ అంటే మత్తు పూతమందు రాసి, చిన్న గరిటెలాంటి పరికరంతో బుడిపెను గీకి తీయడం. కొద్ది బుడిపెలున్న పెద్ద పిల్లలకు నప్పుతుంది, చిన్న పిల్లలు బెదిరిపోతారు. ఆ మత్తు పూతమందును పసిపిల్లలకు ఎక్కువ భాగం మీద రాయడం ప్రమాదం కాబట్టి ఇంట్లో సొంతంగా వాడకూడదు. సున్నాకు 196 డిగ్రీల సెల్సియస్ దిగువన మరిగే ద్రవ నత్రజనితో బుడిపెను గడ్డకట్టించడం మరో పద్ధతి. ఇది నొప్పి పెడుతుంది, చామనఛాయ, నల్లటి చర్మాలపై తెల్లటి మచ్చలు మిగల్చవచ్చు.

క్యాంథరిడిన్ అనేది పొక్కు పురుగుల నుంచి వచ్చే పదార్థం. వైద్యులు దాన్ని బుడిపె మీద చుక్కగా అద్దితే ఒకటి రెండు రోజుల్లో పొక్కు లేచి బుడిపెతో సహా ఊడిపోతుంది. రాసేటప్పుడు నొప్పి ఉండదు, పొక్కు లేచాక మంట ఉండవచ్చు. ఎప్పుడు కడగాలో వైద్యులు చెప్పిన సమయాన్ని తప్పకుండా పాటించాలి. 0.7 శాతం క్యాంథరిడిన్‌ను రెండేళ్లు దాటినవారికి వాడేందుకు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. 2024 జనవరిలో బెర్డజైమర్ అనే జెల్‌కు ఏడాది దాటినవారి కోసం అక్కడే అనుమతి ఇచ్చారు. దాన్ని రోజుకోసారి చొప్పున 12 వారాల వరకు ఇంట్లోనే రాయవచ్చు. ఇవి అన్నిచోట్లా దొరకవు. పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కొన్ని చోట్ల వాడుకలో ఉంది, అది చర్మాన్ని మండిస్తుంది కాబట్టి చుట్టుపక్కల అంటకుండా రాయాలి. ఇమిక్విమోడ్ అనే పూతమందు పిల్లల మొలస్కమ్‌కు పని చేయదని పెద్ద పరీక్షల్లో తేలింది, ఎవరైనా సూచిస్తే ఆ సంగతి మర్యాదగా అడగండి.

పులిపిర్లకు అమ్మే ఘాటైన ఆమ్లాలు, సున్నం, వెనిగర్, దారంతో కట్టడం, సూదితో గుచ్చడం వంటివి పిల్లల లేత చర్మానికి చేసే హాని వ్యాధి చేసే హాని కంటే ఎక్కువ.

పదో అడుగు: పిల్ల మనసు, చివరి లెక్క

"అంటువ్యాధి", "ముట్టుకోకు", "ఛీ" అనే మాటలు పిల్ల చెవిన పడనివ్వకండి. ఐదేళ్ల పిల్ల తన ఒంటిని చూసి సిగ్గుపడటం మొదలుపెడితే, బుడిపెలు పోయినా ఆ సిగ్గు వెంటనే పోదు. "నీ చర్మం మీద చిన్న చిన్న బుడిపెలు వచ్చాయి, నీ ఒళ్లే వాటిని పంపించేస్తుంది, అందాకా మనం వాటిని కదపకుండా ఉందాం" అంటే పిల్లకు అర్థమవుతుంది. కట్టు రంగును తననే ఎంచుకోనివ్వండి.

రోజూ లెక్కపెట్టవద్దు, అది పెద్దల ఆందోళనను పెంచి పిల్లకు అంటిస్తుంది. నెలకోసారి, అదే చోట, అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి దాచండి. వైద్యులకు మీ జ్ఞాపకం కంటే ఆ ఫొటోలు ఎక్కువ చెబుతాయి. వైరస్ సోకిన రెండు వారాల నుంచి ఆరు నెలల లోపు ఎప్పుడైనా బుడిపె లేవవచ్చు కాబట్టి, అన్నీ పోయాయనుకున్నాక ఒకటి రెండు కొత్తవి కనిపించినా నిరాశపడవద్దు, అవి పాత విత్తనాలే కావచ్చు. కోలుకున్నాక మరొకరి నుంచి మళ్లీ అంటే అవకాశం ఉంది కనుక వేరు తువ్వాలు అలవాటును మాత్రం కొనసాగించండి. రాలిన చోట కొన్నాళ్లు కనిపించే లేత లేదా ముదురు మచ్చ ఎక్కువగా నెలల్లో చర్మంలో కలిసిపోతుంది, దానికి ఏ పూతా అక్కర్లేదు.